పురిటి ఆయాసం వెనుక రక్తపు గడ్డ: గర్భిణుల్లో, బాలింతల్లో ఎలా గుర్తిస్తారు?

ఉస్లాపూర్ (బిలాస్‌పూర్): నెలలు నిండుతున్న గర్భిణికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కాన్పయిన వారానికి బాలింత నీరసంతో మంచానికే పరిమితమవుతుంది. ఇవి ప్రతి ఇంటా కనిపించేవే కావడంతో వీటి చాటున పొంచి ఉండే ఒక ప్రాణాపాయాన్ని చాలామంది పోల్చుకోలేరు. కాలి లోతు సిరల్లోనో, కటి భాగంలోని సిరల్లోనో గడ్డకట్టిన రక్తం కదిలి, గుండె గుండా ప్రయాణించి ఊపిరితిత్తుల ధమనుల్లో ఇరుక్కుపోవడమే ఆ అపాయం. వైద్య పరిభాషలో దీని పేరు పల్మనరీ ఎంబాలిజం. సకాలంలో గుర్తిస్తే దీనికి సమర్థమైన చికిత్స ఉంది. అయితే ఏ ఒక్క లక్షణంతోనూ, ఏ ఒక్క రక్తపరీక్షతోనూ ఇది తేలిపోదు. ముందుగా ఎవరో ఒకరికి అనుమానం రావాలి.

కాలి సిరల్లో గానీ, ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టే సమస్య సుమారు వెయ్యి గర్భధారణల్లో ఒకటి రెండింటిలో తలెత్తుతుంది. అదే వయసులో గర్భం లేని స్త్రీలతో పోలిస్తే గర్భిణులకు ఈ ముప్పు నాలుగైదు రెట్లు ఎక్కువ. ప్రసవం తరువాతి ఆరు వారాల్లో ఇది మరింత పెరుగుతుంది. ఆ తరువాత తగ్గుముఖం పట్టినా, పన్నెండో వారం వరకు కొంత మిగిలే ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి.

రెండు ఊళ్ల మధ్య పురుడు

ఉస్లాపూర్ బిలాస్‌పూర్ నగరాన్ని ఆనుకుని, కట్నీకి వెళ్లే రైలు మార్గంలో ఉన్న స్టేషను. రాయ్‌పూర్ వైపు నుంచి కట్నీ వైపు వెళ్లే కొన్ని రైళ్లు బిలాస్‌పూర్ ప్రధాన స్టేషనులో దిశ మార్చుకోవలసిన పని లేకుండా దీని మీదుగా నేరుగా సాగిపోతాయి. బిలాస్‌పూర్ 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడి రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడుతూ వచ్చాయి. ఇంట్లో తెలుగు, బడిలో, ఆసుపత్రిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ వినిపించే జీవితం వారిది.

తొలి కాన్పు పుట్టింట జరగాలన్న ఆచారం ఇలాంటి కుటుంబాల్లో ఒక సుదీర్ఘ ప్రయాణానికి దారితీస్తుంది. బిలాస్‌పూర్ మీదుగా నడిచే కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ దాటి విజయనగరం చేరేసరికి ఒక రాత్రి గడిచిపోతుంది. నెలలు నిండిన గర్భిణి గంటల తరబడి కదలకుండా కూర్చోవడం సిరల్లో రక్తప్రవాహాన్ని మందగింపజేస్తుంది. మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని మంచినీళ్లు తగ్గిస్తే రక్తం మరింత చిక్కబడుతుంది. ప్రయాణం వల్ల కలిగే అదనపు ముప్పు స్వల్పమే అయినా, ఇతర కారణాలు తోడైతే దానిని లెక్కలోకి తీసుకోక తప్పదు.

నిర్ధారణకు సంబంధించి మరో చిక్కు కూడా ఉంది. ప్రసవం జరిగిన ఆసుపత్రి ఒక రాష్ట్రంలో ఉంటే, ఆయాసం మొదలైన ఊరు మరో రాష్ట్రంలో ఉండవచ్చు. ఎదుట ఉన్న యువతి ఇటీవలే ప్రసవించిందన్న సంగతి అత్యవసర విభాగంలోని వైద్యుడికి ఎవరైనా చెబితే తప్ప తెలియదు. అందువల్ల ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి పత్రం బాలింత వెంట ఉండడం ఎంతో అవసరం.

రక్తం ఎందుకు గడ్డకడుతుంది?

ప్రసవ సమయంలో అధిక రక్తస్రావం జరగకుండా శరీరం ముందే జాగ్రత్త పడుతుంది. గర్భం పెరిగేకొద్దీ రక్తాన్ని గడ్డకట్టించే కారకాలు పెరుగుతాయి. గడ్డను కరిగించే శక్తి తగ్గుతుంది. తల్లిని కాపాడేందుకు జరిగే ఈ ఏర్పాటే కొందరిలో హద్దు దాటుతుంది. దీనికి తోడు పెరుగుతున్న గర్భాశయం కటి సిరలను నొక్కడంతో కాళ్ల నుంచి పైకి రావలసిన రక్తం నెమ్మదిస్తుంది. ప్రసవంలో, ముఖ్యంగా శస్త్రచికిత్సలో, రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి. చిక్కబడిన రక్తం, మందగించిన ప్రవాహం, గాయపడిన నాళం అనే ఈ మూడు కారణాలను పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో పేరుతో వైద్య విద్యార్థులు నేటికీ నేర్చుకుంటారు.

గర్భిణుల్లో గడ్డలు ఎక్కువగా ఎడమ కాలిలో ఏర్పడతాయి. కటి భాగంలో ఎడమ కాలి సిర మీదుగా కుడి వైపు ధమని దాటిపోతూ దానిని నొక్కి ఉంచడమే దీనికి కారణం. పైగా ఇవి పిక్కలో కంటె తొడలో, కటి భాగంలో ఏర్పడడం ఎక్కువ. అందుచేత పిక్క నొప్పి లేకపోయినా ఒక కాలు మొత్తం వాయడం, గజ్జల్లో, పిరుదులో, పొత్తికడుపులో నొప్పి రావడం వంటి సూచనలను తేలికగా తీసుకోరాదు.

ఎవరికి ముప్పు ఎక్కువ?

గతంలో గడ్డ వచ్చిన వారికి, కుటుంబంలో ఆ చరిత్ర ఉన్నవారికి ముప్పు అందరికంటె ఎక్కువ. 35 ఏళ్లు దాటిన వయసు, స్థూలకాయం, కవలలు, గుర్రపువాతంగా పిలిచే ప్రీఎక్లాంప్సియా, ప్రసవానంతర రక్తస్రావం, ఇన్ఫెక్షను, దీర్ఘకాలం మంచం పట్టి ఉండడం ముప్పును పెంచే ఇతర కారణాలు.

సిజేరియన్ ప్రసవం, అందులోనూ అత్యవసరంగా చేసినది, సాధారణ కాన్పుతో పోలిస్తే ముప్పును అనేక రెట్లు పెంచుతుంది. తెలుగు రాష్ట్రాలు ప్రత్యేకంగా గమనించవలసిన అంశమిది. 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం ప్రసవాలు సిజేరియన్ ద్వారా జరగగా, తెలంగాణలో అది 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, ఛత్తీస్‌గఢ్‌లో 15.2 శాతం. ఆంధ్రలో ప్రసవించి ఛత్తీస్‌గఢ్‌కు తిరిగి వచ్చే తల్లి పొత్తికడుపు మీద కుట్ల మచ్చతో వచ్చే అవకాశం గణనీయంగానే ఉందన్న మాట.

ఆచారాల ప్రభావం కూడా ఉంది. బాలింతను మంచం దిగనీయకపోవడం, పథ్యం పేరుతో నీళ్లు తగ్గించడం కొన్ని ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. వైద్యుల సలహా ఇందుకు పూర్తి భిన్నం. కాన్పయ్యాక వీలైనంత త్వరగా లేచి నడవాలి, తగినంత నీరు తాగాలి. ముప్పు ఎక్కువని తేలిన వారికి కొంతకాలం హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు.

ఏది సహజం, ఏది కాదు?

గర్భిణుల్లో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఆయాసపడతారు. ఈ సహజమైన ఆయాసం నెమ్మదిగా మొదలవుతుంది, శ్రమించినప్పుడే తెలుస్తుంది, విశ్రాంతితో తగ్గుతుంది. ఛాతీ నొప్పి గానీ, స్పృహ తప్పడం గానీ ఉండవు.

ఉన్నట్టుండి మొదలైన ఆయాసం, కూర్చున్నా తగ్గని ఆయాసం, గాలి పీల్చినప్పుడు పొడిచినట్టు వచ్చే ఛాతీ నొప్పి, దగ్గితే రక్తపు జీర, కళ్లు తిరిగి పడిపోవడం, విశ్రాంతిలోనూ తగ్గని గుండెదడ, ఒక కాలు మాత్రమే వాయడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వేలికి తగిలించే ఆక్సీమీటరులో అంకె బాగానే ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోరాదు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్న యువతుల్లో ఆక్సిజన్ శాతం సాధారణంగానే కనిపించవచ్చు.

ఇవే లక్షణాలు ఇతర జబ్బుల్లోనూ ఉంటాయి. న్యుమోనియా, ఉబ్బసం, గుండె కవాటాల జబ్బు, ప్రసవ కాలంలో గుండె కండరం బలహీనపడే పెరిపార్టమ్ కార్డియోమయోపతీ, ప్రీఎక్లాంప్సియాలో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం అందులో ముఖ్యమైనవి. రక్తహీనత సంగతి చెప్పనక్కరలేదు. అదే సర్వే ప్రకారం దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత ఉన్నంత మాత్రాన గడ్డ లేదని అర్థం కాదు. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు.

మాట మారితే దారి మారుతుంది

ఇంటి భాష, ఆసుపత్రి భాష వేరైన చోట లక్షణం కూడా అనువాదమై వైద్యుడిని చేరుతుంది. తెలుగులో ‘ఆయాసం’ అంటే ఊపిరి సలపకపోవడం. సంస్కృతంలో ఆ మాటకు శ్రమ, అలసట అన్న అర్థాలున్నాయి. తోడు వెళ్లినవారు దానిని హిందీలో ‘థకాన్’ అని చెబితే వైద్యుడికి అలసట అని వినిపిస్తుంది, ఆలోచన రక్తహీనత వైపు సాగుతుంది. ‘సాస్ ఫూల్ రహీ హై’ అని చెబితే ఊపిరితిత్తుల వైపు మళ్లుతుంది. అలాగే ‘గుండెదడ’ అనేది ‘ఘబ్‌రాహట్’గా మారితే అది మానసిక ఆందోళనగా అర్థమయ్యే ప్రమాదం ఉంది.

కాబట్టి ఒక్క పదంతో సరిపెట్టకుండా విషయాన్ని విడమరచి చెప్పడం మేలు. ఊపిరి ఇబ్బంది ఏ రోజు, ఏ వేళ మొదలైంది, కూర్చున్నప్పుడు కూడా ఉందా, ఏ కాలు వాచింది, ప్రసవం ఏ తేదీన, ఏ విధంగా జరిగింది అన్న నాలుగు సంగతులూ ఏ భాషలో చెప్పినా అయోమయానికి తావివ్వవు.

రోగి మాట ఎంత విలువైనదో టెన్నిస్ క్రీడాకారిణి సెరెనా విలియమ్స్ అనుభవం చాటింది. 2017 సెప్టెంబరు 1న అత్యవసర సిజేరియన్ ద్వారా బిడ్డను కన్న ఆమెకు మరునాడే ఊపిరి అందలేదు. 2011లోనే ఒకసారి ఊపిరితిత్తుల్లో గడ్డలు వచ్చిన అనుభవంతో, తనకు సి.టి. స్కాన్ చేసి హెపారిన్ ఇవ్వాలని ఆమె కోరారు. మందుల మత్తులో తడబడుతున్నారని నర్సు మొదట భావించినట్లు ఆమె తరువాత వెల్లడించారు. ముందు కాళ్లకు అల్ట్రాసౌండ్ చేశారు. అందులో ఏమీ కనిపించలేదు. ఆ తరువాత చేసిన సి.టి.లో ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలు బయటపడ్డాయి. కాళ్లలో గడ్డ కనిపించకపోయినా ఊపిరితిత్తుల్లో ఉండవచ్చన్న వైద్య సత్యానికీ ఇది ఉదాహరణే.

పరీక్షలు ఏ క్రమంలో?

మొదట నాడి, రక్తపోటు, శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం చూస్తారు. ఇ.సి.జి., ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఇవి గడ్డను నేరుగా చూపవు. న్యుమోనియా వంటి ఇతర కారణాలను పట్టిస్తాయి, తరువాతి పరీక్ష ఏదో నిర్ణయించడానికి తోడ్పడతాయి.

కాలిలో వాపు, నొప్పి ఉంటే ముందుగా కాలి సిరలకు అల్ట్రాసౌండ్ చేస్తారు. తొడ సిరలో గడ్డ ఉన్నట్టు తేలితే ఊపిరితిత్తుల స్కాన్ లేకుండానే చికిత్స ప్రారంభించవచ్చు. రెండింటికీ మందు ఒకటే. ఈ పరీక్షలో రేడియేషన్ ఉండదు.

డి-డైమర్ అనే రక్తపరీక్ష గడ్డ కరిగేటప్పుడు విడుదలయ్యే పదార్థాన్ని కొలుస్తుంది. గర్భం పెరిగేకొద్దీ ఇది ఆరోగ్యవంతుల్లోనూ సహజంగానే పెరుగుతుంది. కాబట్టి ఫలితం ఎక్కువగా వచ్చినంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు. ఈ పరీక్షను ఎంతవరకు నమ్మాలన్న దానిపై నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్య నిపుణుల రాయల్ కాలేజీ 2015 మార్గదర్శకాలు గర్భిణుల్లో దీనిని వాడవద్దన్నాయి. ఐరోపా కార్డియాలజీ సొసైటీ 2019 మార్గదర్శకాలు మాత్రం ఇతర లక్షణాల అంచనాతో కలిపి పరిశీలించవచ్చన్నాయి.

ఈ రెండో వాదానికి బలమిచ్చిన అధ్యయనం 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. గడ్డ ఉందన్న అనుమానంతో వచ్చిన 498 మంది గర్భిణులను అందులో పరిశీలించారు. కాలిలో గడ్డ సూచనలు ఉన్నాయా, దగ్గులో రక్తం పడుతోందా, అన్నిటికంటె పల్మనరీ ఎంబాలిజమే ఎక్కువ సంభావ్యమని వైద్యుడు భావిస్తున్నారా అన్నవి మూడు ప్రశ్నలు. మూడింటికీ సమాధానం ‘లేదు’ అయితే డి-డైమర్ మిల్లీలీటరుకు 1,000 నానోగ్రాముల లోపు, ఏ ఒక్కదానికైనా ‘అవును’ అయితే 500 లోపు ఉన్నప్పుడు గడ్డ లేదని నిర్ణయించారు. ఈ పద్ధతితో 39 శాతం మందికి సి.టి. అవసరం తప్పింది. తొలి మూడు నెలల్లో అది 65 శాతం కాగా, చివరి మూడు నెలల్లో 32 శాతమే. మొత్తం మీద గడ్డ ఉన్నట్టు తేలినవారు 20 మంది, అంటే నూటికి నలుగురు. అనుమానించిన వారిలో అత్యధికులకు గడ్డ లేదని తేలడం పరీక్షల వైఫల్యం కాదు. ఆ నలుగురినీ వదలకుండా పట్టుకోవాలంటే మిగిలిన వారినీ పరీక్షించక తప్పదు.

అనుమానం మిగిలితే స్కాన్ చేయాలి. వెంటిలేషన్–పర్ఫ్యూజన్ స్కాన్ స్వల్ప రేడియోధార్మిక పదార్థంతో ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ప్రసరించే తీరును చూపుతుంది. ఎక్స్‌రే మామూలుగా ఉన్నవారికి ఇది అనువైనది. సి.టి. పల్మనరీ యాంజియోగ్రఫీలో సిరలోకి అయోడిన్ కలిసిన మందును పంపి ధమనులను చిత్రిస్తారు. ఇది ఎక్కువ ఆసుపత్రుల్లో దొరుకుతుంది, త్వరగా పూర్తవుతుంది, ఇతర జబ్బులనూ చూపుతుంది. తల్లి పరిస్థితి విషమించి రక్తపోటు పడిపోతే స్కాన్ గదికి తరలించే వ్యవధి ఉండదు. అప్పుడు మంచం వద్దనే ఎకో చేసి గుండె కుడి భాగంపై ఒత్తిడి ఎంతుందో చూస్తారు.

రేడియేషన్ భయం ఎంతవరకు నిజం?

కడుపులో బిడ్డ ఉండగా సి.టి. అనగానే కుటుంబం వెనుకడుగు వేస్తుంది. కొన్నిసార్లు వైద్యులూ తటపటాయిస్తారు. లెక్కలు చూస్తే ఆ భయానికి ఆధారం కనబడదు. 50 మిల్లీగ్రేల లోపు మోతాదుతో గర్భస్థ శిశువుకు అవకరాలు గానీ, గర్భస్రావం గానీ కలిగినట్టు రుజువు లేదు. సి.టి. పల్మనరీ యాంజియోగ్రఫీలో గానీ, వెంటిలేషన్–పర్ఫ్యూజన్ స్కాన్‌లో గానీ శిశువుకు చేరేది సాధారణంగా ఒక మిల్లీగ్రే కంటె తక్కువే. తల్లి రొమ్ములపై పడే మోతాదు మాత్రం సి.టి.లో ఎక్కువ. సౌకర్యం ఉన్నచోట రెండింటిలో ఏది మేలో ఎంచుకునేటప్పుడు దీనిని దృష్టిలో ఉంచుకుంటారు. గడ్డను గుర్తించకుండా వదిలేయడం వల్ల తల్లీబిడ్డలకు కలిగే ప్రమాదం స్కాన్ వల్ల కలిగే ముప్పు కంటె ఎన్నో రెట్లు ఎక్కువ.

బాలింతల విషయంలో తేడాలు

ప్రసవం తరువాత బిడ్డకు రేడియేషన్ తగులుతుందన్న సమస్యే లేదు. సి.టి.లో వాడే అయోడిన్ మందు తల్లిపాలలోకి అత్యల్పంగా చేరుతుంది కాబట్టి పాలివ్వడం ఆపనక్కరలేదు. రేడియోధార్మిక పదార్థంతో స్కాన్ చేస్తే కొన్ని గంటలు ఆగమని వైద్యులు సూచించవచ్చు. 2019 నాటి మూడు ప్రశ్నల పద్ధతిని గర్భిణుల్లోనే పరీక్షించారు కాబట్టి బాలింతలకు దానిని యథాతథంగా వర్తింపజేయలేం. కాన్పు తరువాత కొన్ని వారాల పాటు డి-డైమర్ ఎక్కువగానే ఉంటుంది. అందువల్ల వీరిలో బలమైన అనుమానం ఉంటే నేరుగా స్కాన్‌కు వెళ్లడమే తరచు జరిగే పని.

సికిల్ సెల్ ఉన్న ప్రాంతంలో అదనపు చిక్కు

ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఉస్లాపూర్ మీదుగా కట్నీకి వెళ్లే రైలు మార్గంలోనే ఉన్న మధ్యప్రదేశ్‌లోని శహ్‌డోల్‌లో 2023 జూలై 1న ప్రధాని నరేంద్ర మోదీ జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. ఉత్తరాంధ్ర మన్యంలోని, ఆదిలాబాద్‌లోని గిరిజనులకూ ఈ జబ్బు కొత్తది కాదు. సికిల్ సెల్ ఉన్న గర్భిణికి రక్తం గడ్డకట్టే ముప్పు అధికం. ఆ జబ్బులో వచ్చే అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ లక్షణాలు కూడా ఛాతీ నొప్పి, ఆయాసమే. ‘సికిల్ నొప్పే’ అని సరిపెట్టుకుంటే గడ్డ మరుగున పడిపోతుంది.

నిర్ధారణకు ముందే మందు

అనుమానం బలంగా ఉండి, రక్తస్రావం వంటి అడ్డంకులు లేకపోతే స్కాన్ కోసం ఎదురుచూడకుండా తక్కువ అణుభారం గల హెపారిన్ ఇంజెక్షన్ ప్రారంభించాలన్నది ప్రామాణిక పద్ధతి. గడ్డ లేదని తేలితే ఆపేస్తారు. సి.టి. సౌకర్యం లేని ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి తరలించవలసి వచ్చినప్పుడు ఇది మరింత ముఖ్యం. హెపారిన్ మాయను దాటి బిడ్డను చేరదు. వార్ఫరిన్ మాయను దాటుతుంది కాబట్టి గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. పాలిచ్చే తల్లికి హెపారిన్, వార్ఫరిన్ రెండూ వాడవచ్చు. రివరోక్సబాన్ వంటి కొత్త మాత్రలను గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ సిఫారసు చేయరు.

గడ్డ నిర్ధారణ అయితే మొత్తం మీద కనీసం మూడు నెలలు, ప్రసవం తరువాత కనీసం ఆరు వారాలు చికిత్స కొనసాగాలి. ఆయాసం తగ్గిందని మధ్యలో మందు మానడం ప్రమాదకరం. పుట్టింటి నుంచి అత్తవారింటికి మారే సమయంలోనే చికిత్స తెగిపోయే అవకాశం ఎక్కువ. మిగిలిన మోతాదులు, తదుపరి పరీక్ష తేదీ ప్రయాణానికి ముందే రాయించుకోవాలి.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

2018–20 నమూనా నమోదు వ్యవస్థ గణాంకాల ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు దేశంలో 97 కాగా, ఛత్తీస్‌గఢ్‌లో 137, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. వీటిలో రక్తస్రావం వంటి కారణాలదే పెద్ద పాలు. అవి కంటికి కనిపిస్తాయి. ఊపిరితిత్తుల్లోని గడ్డను వెతికితేనే గాని కనబడదు.

గర్భిణికి గానీ, కాన్పయి మూడు నెలలు దాటని తల్లికి గానీ హఠాత్తుగా ఊపిరి అందకపోతే తెల్లవారే వరకు వేచి చూడరాదు. 108 అంబులెన్సును పిలవాలి. ఛత్తీస్‌గఢ్‌లో గర్భిణుల కోసం 102 నంబరుపై మహతారీ ఎక్స్‌ప్రెస్ సేవ కూడా ఉంది. డిశ్చార్జి పత్రం, వాడుతున్న మందులు వెంట తీసుకెళ్లాలి. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే చెప్పవలసిన మొదటి మాట ప్రసవం జరిగిన తేదీ. వైద్యులు అన్నీ పరిశీలించి ‘ఇది సహజమే’ అని చెబితే ఊరట పొందవచ్చు. పరీక్షించకుండానే ఆ మాట అంటే, ఊపిరితిత్తుల్లో గడ్డ ఉండే అవకాశం ఉందా అని కుటుంబ సభ్యులు అడగవచ్చు.

(ఈ కథనం అవగాహన కోసమే. వ్యాధి నిర్ధారణ, చికిత్సల కోసం వైద్యులను సంప్రదించాలి.)